నిమ్మాకు ఒంటాకేనా?

నిమ్మ, బత్తాయి, నారింజ, పంపర పనస ఆకుల గురించి వృక్షశాస్త్రం చెప్పే మాట తోట పని చేసేవాళ్లకు ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. కంటికి కనిపించేది ఒంటాకు. పుస్తకం మాత్రం అది మారేడు, కరివేపాకుల్లాంటి సంయుక్త పత్రం అంటుంది. ఈ రెండు వాదాలనూ గట్టిగా పట్టుకున్న ఇద్దరు ఒకే ఇంటివాళ్లయితే మాట ఎలా సాగుతుందో ఇక్కడ రాశాను. బాబాయిది గూడూరు దగ్గర నిమ్మ, బత్తాయి మొక్కల నర్సరీ. అంటు కట్టడంలో తిరుగులేని చెయ్యి. అన్న కూతురు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. సంభాషణ నేను కల్పించింది. అందులో వచ్చే ఆకులు మాత్రం ఎవరైనా కోసి చూసుకోదగ్గవే.

బాబాయి: మీ కాలేజీ పిల్లలు నర్సరీ చూడ్డానికి వచ్చారమ్మాయ్. మంచి పిల్లలే. నిమ్మాకు చేతికిచ్చి ఇదేంటయ్యా అంటే, అందరూ ఒక్క గొంతుతో "సంయుక్త పత్రం" అన్నారు. ఎందుకు సంయుక్తం అంటే మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. ఉన్నది ఒక తొడిమ, దాని మీద ఒక దళం. ఏం కలిసిందని సంయుక్తం?

అమ్మాయి: వాళ్లు నోరు విప్పకపోవడం నాకూ బాధే బాబాయ్. కానీ వాళ్లు చెప్పిన మాట తప్పు కాదు. ముందు నువ్వు ఒకటి చెప్పు. కరివేపాకు రెబ్బ తుంచుకొస్తే ఎన్ని ఆకులు తెచ్చినట్టు?

బాబాయి: వంటింట్లో అడిగితే ఇరవై. నన్నడిగితే ఒకటి. రెబ్బ మొత్తం ఒక ఆకు. కన్ను ఎక్కడుందో అక్కడే ఆకు మొదలు. రెబ్బ కొమ్మకు అతుక్కున్న చంకలో కన్ను ఉంటుంది. రెబ్బకు అటూ ఇటూ ఉన్న చిన్న దళాల మొదట్లో వెతికినా కన్ను దొరకదు. కన్ను తీసి అంటు కట్టేవాడికి ఇది అక్షరాభ్యాసం లాంటిది.

అమ్మాయి: మా పుస్తకంలోనూ సరిగ్గా ఇదే సూత్రం. ఆకు గ్రీవంలో మొగ్గ ఉంటుంది, పత్రకం గ్రీవంలో ఉండదు.

బాబాయి: అయితే నా వాదం నువ్వే నెగ్గించావు. నిమ్మలో కన్ను ఎక్కడుంది? తొడిమ అడుగున, కొమ్మ చంకలో, ముల్లు పక్కన. దళం మొదట్లో లేదు. అంటే తొడిమా దళమూ కలిపి ఒకే ఆకు. దాన్ని రెండని, మూడని అనడమెందుకు?

అమ్మాయి: ఒకే ఆకని నేనూ ఒప్పుకుంటా. ఆకులు ఎన్ని అన్నది మన తగవు కాదు. ఆ ఒక్క ఆకులో దళాలు ఎన్ని, ఉన్న దళం తొడిమకు ఎలా అతుక్కుంది అన్నదే తగవు. మారేడుకు మూడు. వెలగకు ఐదు, ఏడు. కరివేపకు ఇరవై దాకా. నిమ్మకు ఒకటి. ఇవన్నీ ఒకే కుటుంబం, రూటేసీ. ఆ కుటుంబంలో నిమ్మను పక్కకు తీసి, నువ్వు మామిడి పక్కన కూర్చోబెడుతున్నావు.

బాబాయి: ఒక్క దళం ఉన్నది ఒంటాకు. మామిడికీ ఒక్కటే, జామకూ ఒక్కటే, సపోటాకూ ఒక్కటే. నిమ్మకు మాత్రం వేరే న్యాయమా?

అమ్మాయి: అదిగో, ఆ మూల మీద పంపర పనస చెట్టు ఉంది. ఒక ముదురాకు కోసుకొస్తా. పక్కన మామిడాకు కూడా పెట్టి చూద్దాం.

చూడు. పంపర పనస తొడిమకు రెండు పక్కలా పచ్చటి రెక్క. పైకి పోయేకొద్దీ వెడల్పై, గుండె ఆకారంలో ఉంది. ఆ రెక్క పైఅంచున, దళం మొదలయ్యే చోట, అడ్డంగా సన్నటి గీత. గోటితో తాకితే చిన్న గాడిలా తెలుస్తుంది. ఇప్పుడు దళాన్ని పట్టుకుని వెనక్కి వంచు.

బాబాయి: టప్పున ఊడొచ్చింది. గీత దగ్గరే.

అమ్మాయి: చిరగలేదు, పీచు లేవలేదు. ఊడిన చోటు కత్తితో కోసినట్టుంది. మామిడాకును అలాగే వంచు. తొడిమ విరుగుతుందో, దళం చిరుగుతుందో, ఎక్కడ విరుగుతుందో చెప్పలేం. మామిడి దళానికీ తొడిమకూ మధ్య సరిహద్దు లేదు. తొడిమే సాగి నడి ఈనె అయింది. నిమ్మ జాతిలో సరిహద్దు ఉంది. దాన్నే కీలు అంటాం. మారేడాకు తీసుకుని ఒక్కో దళాన్నీ ఇలాగే వంచితే ప్రతి దళమూ తన మొదట్లో ఇలాగే ఊడుతుంది. సంయుక్త పత్రంలో దళం అతుక్కునే తీరు అది.

బాబాయి: ఒక్క కీలు చూసి వంశం కట్టేస్తావా? మామిడి తొడిమ కూడా కొమ్మ దగ్గర ఉబ్బుగా ఉంటుంది. అది కీలు కాదా? అది చూసి రేపు మామిడినీ సంయుక్తం అంటావు.

అమ్మాయి: మంచి ప్రశ్న. మామిడి ఉబ్బు ఎక్కడుంది? కొమ్మ వైపు, తొడిమ అడుగున. ఆకు రాలేది అక్కడే. అలాంటి చోటు రాలే ఏ ఆకుకైనా ఉంటుంది, నిమ్మకూ ఉంది. నిమ్మకు అది కాక ఇంకోటి ఉంది, తొడిమకూ దళానికీ మధ్య. ఈ రెండోది మామిడికి లేదు. ఒంటాకుకు ఆ రెండో కీలుతో పనేమీ లేదు. పని లేనిది ఎందుకుందో చెప్పాలంటే ఒకప్పుడు పని ఉండేదని ఒప్పుకోవాలి.

బాబాయి: పని లేదనకు. నాకు పనుంది. కన్ను కట్టడానికి కొమ్మ తెచ్చినప్పుడు దళాలన్నీ ఆ కీలు దగ్గర తుంచేసి తొడిమలు వదిలేస్తాం. దళం ఉంటే నీరు లాగి కన్ను వాడిపోతుంది. తొడిమ ఉంటే కన్నును వేలితో ముట్టుకోకుండా పట్టుకోవచ్చు. వేళ్ల కోసం పెంచిన వేరుమొక్క బెరడు చీల్చి కన్ను దూర్చి, పట్టీ చుట్టేస్తాం. రెండు మూడు వారాలకు పట్టీ విప్పి తొడిమను వేలితో మెల్లగా తాకితే, అది రాలిపోయిందంటే కన్ను పట్టినట్టు. ఎండి నల్లబడి అతుక్కునే ఉందంటే కన్ను చచ్చినట్టు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లు ఇది తిరగేసి అనుకుంటారు. రాలిపోతే పోయిందని, అతుక్కుంటే బతికిందని.

అమ్మాయి: బాబాయ్, అసలు సంగతి నువ్వే చెప్పావు. ఆకు రాలడమంటే ఎండి విరగడం కాదు. తొడిమ అడుగున ఒక పలుచని పొర కణాలు పనిగట్టుకుని ఒకదాన్నొకటి వదిలేస్తాయి. బతికున్న కణాలే ఆ పని చేయగలవు. దళం ఉన్నంతసేపు దాని నుంచి ఆక్సిన్ అనే హార్మోను తొడిమలోకి దిగుతుంటుంది, వదలొద్దని చెబుతున్నట్టు. దళం తుంచేశావు, ఆ కబురు ఆగింది. కన్ను బతికుంటే తొడిమ అడుగు బతికే ఉంటుంది, పొర విడిపోతుంది, తొడిమ రాలుతుంది. కన్ను చస్తే విడదీసే కణాలూ చచ్చిపోతాయి, తొడిమ ఎండి అక్కడే బిగుసుకుంటుంది.

ఇదే విడిపోయే పొర నిమ్మ జాతి ఆకులో రెండు చోట్ల ఉంది. కొమ్మ దగ్గర ఒకటి, కీలు దగ్గర ఇంకోటి. మామూలుగా ముదిరి పండిన ఆకు కొమ్మ దగ్గరే విడిపోయి తొడిమతో సహా పడుతుంది. ఉన్నట్టుండి దెబ్బ తగిలినప్పుడు కొన్నిసార్లు దళం కీలు దగ్గర ఊడిపోయి, తొడిమలు కొమ్మకే నిలబడతాయి. నీ తోటలో చూసే ఉంటావు.

బాబాయి: చూశా. మందు ఎక్కువ కొట్టినప్పుడు, వడగాలికి. కొమ్మల నిండా పుల్లల్లా తొడిమలు మిగులుతాయి. చెట్టును చూస్తేనే ఏదో దెబ్బ తిన్నదని తెలిసిపోతుంది. సరే, కీలు ఉంది, రెండు చోట్ల రాలుతుంది. ఒప్పుకున్నా. మరి మాదీఫలానికి? నా దగ్గర రెండు చెట్లున్నాయి. ఆ ఆకు వంచి చూశా. తొడిమకు రెక్క లేదు, గీత లేదు, కీలు లేదు. మామిడాకులాగే ఉంటుంది. అది నిమ్మ జాతిది కాదా? కీలుంటేనే సంయుక్తమైతే మాదీఫలాన్ని ఏమంటావు?

అమ్మాయి: నా వాదానికి గట్టి దెబ్బ అదే. దాచను. మాదీఫలం ఆకులో కీలు మామూలుగా కనబడదు. దాన్ని ఒక్కదాన్నే చేతికిస్తే నేనూ ఒంటాకే అంటాను.

బాబాయి: అంటే ఓడిపోయావు.

అమ్మాయి: ఇంకా లేదు. నిమ్మ జాతిలో రెక్క ఎలా పెరుగుతూ పోతుందో చూడు. మాదీఫలానికి లేదు. నిమ్మకు సన్నటి అంచు. బత్తాయికీ సన్నటిదే, తెలిసీ తెలియనట్టు. నారింజకు వెడల్పు. పంపర పనసకు గుండె ఆకారం. థాయ్‌లాండ్ వంటల్లో వేసే మక్రూట్ నిమ్మకైతే రెక్క దాదాపు దళమంత ఉంటుంది. ఎండిన ఆకును కొట్లో చూసినవాళ్లు రెండాకులు ఒకదానికొకటి అతికాయనుకుంటారు. ఇప్పుడు వీటి చుట్టరికం విను. 2018లో నేచర్ పత్రికలో అచ్చయిన జన్యుపటం పరిశోధన నిమ్మ జాతి మొత్తం ఎవరి నుంచి ఎవరు పుట్టారో తేల్చింది. మన నిమ్మ ఒక సంకరం. దాని తల్లి ఫిలిప్పీన్స్ వైపు పెరిగే మైక్రాంతా అనే అడవి నిమ్మ. తండ్రి మాదీఫలం. మైక్రాంతా ఆకుకు వెడల్పాటి రెక్క. మాదీఫలానికి అసలు లేదు. నిమ్మకు మధ్యస్థంగా సన్నటి అంచు వచ్చింది. నారింజ, బత్తాయి రెండింటిలోనూ పంపర పనస, కమలా జాతుల రక్తం కలిసింది. ఆకు తొడిమ చూస్తే ఆ చుట్టరికం పైకే కనబడుతుంది.

బాబాయి: నిమ్మ తండ్రి మాదీఫలమా! చెట్ల మధ్య ఏదో పోలిక ఉందని అనుకునేవాణ్ణి. చిగురు వాసనలో.

అమ్మాయి: నీ ముక్కుకు అది ముందే తెలిసింది. ఇప్పుడు నా అసలు సాక్ష్యం. చైనాలో పుట్టిన ఒక నారింజ జాతి ఉంది, మూడు దళాల నారింజ. మారేడులాగే ఒక తొడిమ మీద మూడు దళాలు. చలికి గడ్డకట్టే చోట కూడా బతుకుతుంది, చలికాలంలో ఆకు రాల్చేస్తుంది. కాయ మాత్రం నోట పెట్టలేం. 1894-95 చలికాలంలో అమెరికాలోని ఫ్లోరిడాలో బత్తాయి తోటలు మంచుకు నిలువునా పోయాయి. ఆ దెబ్బ తర్వాత వాల్టర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త బత్తాయికీ ఈ మూడు దళాల నారింజకూ సంకరం చేశాడు, చలిని తట్టుకునే బత్తాయి కోసం. కాయ చేదుగానే మిగిలింది. అలా పుట్టిన కారిజో, ట్రాయర్ లాంటి సంకరాలు మాత్రం వేరుమొక్కలుగా లోకమంతా పాకాయి.

మన తగవుకు కావలసింది వాటి ఆకు. తండ్రికి మూడు దళాలు, తల్లికి ఒకటి. పిల్లలకు మూడు. మూడు దళాల గుణమే పైచేయి. అదీ అందరికీ సమానంగా మూడు కాదు. నడిమి దళం పెద్దది, పక్కవి రెండూ చిన్నవి. కొన్ని ఆకుల్లో పక్క దళం ఒక్కటే వస్తుంది, కొన్నిట్లో రెండూ రావు. ఆ పక్క దళాలు తొడిమ మీద ఎక్కడ అతుక్కుంటాయో ఊహించు.

బాబాయి: ... గీత దగ్గర.

అమ్మాయి: సరిగ్గా గీత దగ్గరే, కీలు మీదే. బత్తాయి ఆకులో ఖాళీగా కనబడే ఆ గీత మీదే పక్క దళాలు మొలిచాయి. బత్తాయి దళం, మారేడులోని నడిమి దళం, రెండూ ఒకే స్థానంలో ఉన్నవి. పక్క రెండూ పోగా మిగిలిన నడిమిదాన్నే మనం ఆకు అంటున్నాం.

బాబాయి: ఆగు. మారేడులో కూడా పక్క దళాలకు కాడ ఉండీ లేనట్టుంటుంది, నడిమి దానికి మాత్రం పొడుగ్గా ఉంటుంది. శివరాత్రికి బుట్టలకొద్దీ కోస్తాం కదా, చేతికి తెలుసు. పక్క రెండూ తుంచేస్తే మిగిలేది అచ్చం మామూలు ఆకే.

అమ్మాయి: ఇప్పుడు చెప్పు, సంయుక్తమా కాదా?

బాబాయి: బత్తాయి, నిమ్మ, పంపర పనస వరకూ ఒప్పుకుంటా. మాదీఫలం దగ్గర మాత్రం నా మాట నాదే. కంటికి కీలు లేదు. పుట్టుక వల్ల సంయుక్తం అను, కాదనను. ఆకును చూసి సంయుక్తం అనమంటే అనను.

అమ్మాయి: ఆ మాటలో న్యాయముంది. పరీక్ష పేపర్లో "నిమ్మ: ఏకపత్రక సంయుక్త పత్రం" అని ఒక్క ముక్కతో సరిపెట్టడం వల్లే పిల్లలు ఆకును వంచి చూడటం లేదు. చూసినవాడు మాదీఫలం దగ్గర ఆగి అడుగుతాడు, నువ్వు అడిగినట్టు.

బాబాయి: నాకింకో సంగతి మెరిసింది. నిమ్మ గింజ ఒకటి వేస్తే నారుమడిలో రెండు మూడు మొలకలు వస్తాయి. అందులో ఒకటి ఒక్కోసారి పక్కదారి పడుతుంది. ఏది తల్లి పోలిక, ఏది కాదో మేం ఆకు చూసి, ముల్లు చూసి ఏరేస్తాం. ఆ మూడు దళాల నారింజ పుప్పొడితో గింజ కట్టిస్తే ఏరడం సులువు కదూ?

అమ్మాయి: పరిశోధన కేంద్రాల్లో చేసేది అదే. నిమ్మ, బత్తాయి గింజలో ఒక పిండం పుప్పొడి వల్ల పుడుతుంది. మిగతావి తల్లి కణజాలం నుంచే పుడతాయి, అచ్చు తల్లి నకళ్లు. తల్లి బత్తాయి, తండ్రి మూడు దళాలది అయినప్పుడు మొలకల్లో మూడు దళాలు వేసినదే సంకరం. ఒక దళంతో వచ్చినవి తల్లి నకళ్లు. కాయ కాసేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు. పంపర పనస, మాదీఫలం గింజల్లో మాత్రం ఒక్క పిండమే. అందుకే పంపర పనస గింజ వేస్తే పిల్ల తల్లిలా ఉంటుందన్న నమ్మకం లేదు.

బాబాయి: ఇదంతా బాగుందమ్మాయ్. కానీ నా రైతు నా దగ్గరకొచ్చేది సంయుక్తమా సరళమా అడగడానికి కాదు. ఆకు పసుపెక్కిందనీ, ముడుచుకుందనీ వస్తాడు. ఆకులో ఏ భాగానికి ఏమైందో చూసి మందు చెప్పాలి. ఆకు గురించి తెలియడమంటే నా లెక్కలో అదీ.

అమ్మాయి: అక్కడ నేను నీ దగ్గర నేర్చుకోవాలి. చెప్పు, ఏం చూస్తావు?

బాబాయి: ముందు నడి ఈనె. ఆకును నడి ఈనె మీద మడిచి రెండు సగాలూ పోల్చి చూస్తా. జింకు లోపమైతే లేతాకులు చిన్నబోతాయి, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడతాయి. ఎడమ సగంలో ఎలా ఉంటే కుడి సగంలోనూ అంతే. ఇనుము లోపమైతే ఆకంతా పాలిపోయి, ఈనెలు మాత్రం పచ్చటి దారాలతో అల్లిన వలలా నిలబడతాయి. మెగ్నీషియం తగ్గితే ముదురాకులు పసుపెక్కి, తొడిమ వైపు మాత్రం ఆకుపచ్చ ముక్కోణం మిగులుతుంది. గ్రీనింగ్ తెగులైతే మచ్చ ఒక పద్ధతిగా ఉండదు. ఎడమ సగంలో ఒక చోట, కుడి సగంలో ఇంకో చోట. ఈనెలను దాటుకుని అడ్డదిడ్డంగా పాకుతుంది. చాలామంది దాన్నీ జింకు లోపమనుకుని జింకు సల్ఫేటు కొడుతూ కూర్చుంటారు. ఆలోపు సిల్లా పురుగు పక్క చెట్టుకు అంటించేస్తుంది.

అమ్మాయి: ఈ తేడాకు కారణం ఆకు లోపలే ఉంది. పోషకం తగ్గినప్పుడు ఆకు మొత్తానికీ తగ్గుతుంది, అందుకే రెండు సగాలూ ఒక్కలా మారతాయి. గ్రీనింగ్ తెప్పించే బాక్టీరియా ఈనెల్లోని ఆహారనాళాల్లో ఉంటుంది. ఏ నాళంలో ఎంత పేరుకుందో అక్కడ అంత దెబ్బ. ఆకు తయారు చేసిన పిండి బయటకు పోలేక లోపలే నిలిచిపోతుంది. అందుకే మచ్చ తీరూతెన్నూ లేకుండా కనబడుతుంది.

బాబాయి: ఆ తర్వాత అడుగు వైపు తిప్పి చూస్తా. మందు కొట్టేటప్పుడు పైన తడిస్తే చాలనుకుంటారు. నేనెప్పుడూ అడుగు తడవాలంటా.

అమ్మాయి: నిమ్మ జాతి ఆకుకు గాలి రంధ్రాలు అడుగునే ఉంటాయి బాబాయ్. పైవైపు దాదాపు లేవు, మైనం పూత మందంగా ఉంటుంది. నిమ్మ గజ్జి బాక్టీరియా లోపలికి పోయేది ఆ రంధ్రాల గుండానో, గాయాల గుండానో. లేతాకు విచ్చుకుంటున్నప్పుడు తేలిగ్గా దూరుతుంది. ఆకు ముదిరి బిరుసెక్కితే అంత తేలిక కాదు.

బాబాయి: అందుకే చిగురు వేసేటప్పుడే జాగ్రత్త పడమంటా. పాముపొడ పురుగు కూడా లేతాకునే పడుతుంది. పైపొరకు కిందే తొలుచుకుంటూ వెండి గీతలు గీస్తుంది, ఆకు ముడుచుకుపోతుంది. ఆ గాయాల్లో గజ్జి చేరుతుంది. చిగురు దశలో కాపాడితే ఆ ఆకు ఏడాదో, ఇంకా పైనో చెట్టుకు సేవ చేస్తుంది. ఎండకు పట్టి చూస్తే సూదిపోట్లలా మెరుస్తాయే చుక్కలు, వాటిని కూడా తెగులనుకుని మందు అడిగినవాళ్లున్నారు.

అమ్మాయి: అవి నూనె గదులు! నిమ్మ జాతి గుర్తే అది. ఒక్కో చుక్కా చిన్న గుంట. చుట్టూ ఉన్న కణాలు సుగంధ తైలం చేసి అందులో నింపుతాయి. దబ్బాకు నలిపి మజ్జిగలో వేస్తే వచ్చే వాసన ఆ గదులు పగలడం వల్లే. నారింజ ఆకులు, లేత రెమ్మలు బట్టీ పెట్టి తీసే నూనెను పెటిట్‌గ్రెయిన్ పేరుతో అత్తర్లలో వాడతారు. మారేడాకుకూ, వెలగాకుకూ, కరివేపాకుకూ అవే చుక్కలున్నాయి. మామిడాకుకు లేవు.

బాబాయి: మళ్లీ చుట్టరికం దగ్గరికే తెచ్చావు. సరే, ముల్లు సంగతి తేల్చు. అది ఆకులో భాగమా కాదా? పిల్లల్లో ఒకడు ఆకే ముల్లయిందన్నాడు.

అమ్మాయి: కాదు. ముల్లు ఆకు చంకలో, మొగ్గ పక్కన వస్తుంది. చంకలో వచ్చేది కొమ్మే. నిమ్మ ముల్లు పొట్టిపడి మొన తేలిన కొమ్మ. 2020లో అచ్చయిన ఒక పరిశోధనలో ముల్లును ముల్లుగా ఉంచే జన్యువులను పని చేయకుండా చేస్తే, ముల్లు ఉండాల్సిన చోట కొమ్మలు పెరిగాయి.

బాబాయి: గింజ మొక్కకు ముళ్లు ఎక్కువ, ముదురు చెట్టు కన్ను కడితే తక్కువ. కొమ్మే అయితే అర్థమవుతోంది. ఇక నా వంతు. నువ్వు కీలూ రెక్కా చెప్పావు కదా, అవి నా రైతుకు ఎక్కడ అక్కరకొస్తాయో చెబుతా. బత్తాయిని మన దగ్గర ఎక్కువగా రంగపూర్ నిమ్మ మీద కడతాం. నాటిన రెండు మూడేళ్లలో అంటు కింద నుంచి కొమ్మలు లేస్తాయి. అవి బలంగా, ఏపుగా ఉంటాయి. రైతు చెట్టు బాగా పెరుగుతోందని మురిసిపోతాడు. నాలుగో ఏడు చూస్తే పైన బత్తాయి ఎండిపోయి, కింద నుంచి పుల్ల నిమ్మకాయలు కాస్తుంటాయి. నర్సరీవాడు మోసం చేశాడని వస్తాడు. ఆకు చూసి ఉంటే మొదటి ఏడే తెలిసేది. బత్తాయి తొడిమకు సన్నగానైనా రెక్క అంచు కనబడుతుంది, చిగురు లేత ఆకుపచ్చ. రంగపూర్ తొడిమకు రెక్క ఉందా లేదా అన్నట్టుంటుంది, చిగురులో ఊదా ఛాయ. నలిపితే వాసనే వేరు.

అమ్మాయి: ఈ మాట నువ్వు మా పిల్లలకు చెప్పాలి బాబాయ్. తరగతిలో వచ్చి నిలబడి చెప్పాలి.

బాబాయి: నేను రాను, వాళ్లనే పంపు. రంగపూర్ రెమ్మ ఒకటి, బత్తాయి రెమ్మ ఒకటి, మాదీఫలం రెమ్మ ఒకటి చేతికిస్తా. పేర్లు చెప్పను. ఆకులు వంచి, నలిపి, ఎండకు పట్టి చూసి ఏది ఏదో చెప్పమను. చెప్పినవాడికి కన్ను కట్టడం నేర్పిస్తా.

అమ్మాయి: ఇప్పటికైనా సంయుక్త పత్రమని ఒప్పుకున్నట్టేనా?

బాబాయి: నిమ్మ వరకు ఒప్పుకున్నా. మాదీఫలం సంగతి నీ పిల్లలు వచ్చి తేల్చాలి.

నిమ్మ, బత్తాయి అంటు మొక్కలు కొనేవాళ్లకు నా మనవి ఒక్కటే. మొక్క ఎత్తు చూసి, ఆకుల నిగనిగ చూసి కొనకండి. అంటు ముడి ఎక్కడుందో వెతకండి. ముడికి పైన ఒక ఆకు, ముడి కింద నుంచి చిగురు వచ్చి ఉంటే దానిదొక ఆకు కోసి, రెండు తొడిమలూ పక్కపక్కన పెట్టి చూడండి. నాటాక మొదటి మూడేళ్లూ వానకాలం చిగురు వేసినప్పుడల్లా ముడి కిందికి వంగి చూసి, అక్కడ లేచిన ప్రతి కొమ్మనూ లేతగా ఉండగానే గిల్లేయండి.